పెన్నైన్ కొండల్లో పాత రాతి బార్న్‌ను ఇల్లుగా మార్చుకోవడం: కిటికీలు, చెమ్మ, అనుమతుల గురించి సలహా కావాలి

ఎయిర్‌తీరం (ప్రశ్న):

నమస్కారం. మేము కొన్నేళ్లుగా లీడ్స్‌లో ఒక ఇటుక టెర్రస్ ఇంట్లో (వరుసగా అంటుకొని ఉన్న ఇళ్లలో ఒకటి) ఉంటున్నాము. పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు, ఊరి నుండి వచ్చిన పెద్దవాళ్లు నెలల తరబడి ఉంటారు. అందుకని కొంచెం విశాలమైన చోటు కోసం వెతుకుతుండగా ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న పెన్నైన్ కొండల్లో రెండు పాత రాతి బార్న్‌లు (గడ్డి, ధాన్యం, పశువులను ఉంచే పొలం కట్టడాలు) అమ్మకానికి కనిపించాయి. మొదటిది హెబ్డెన్ బ్రిడ్జ్‌కు ఎగువన కొండవాలు మీద ఉంది. రైతు ఇల్లు, బార్న్ ఒకే కప్పు కింద ఒకే వరుసలో సాగే పొడవాటి కట్టడమది. ఇల్లు వేరేవారిది, బార్న్ భాగాన్ని మాత్రమే అమ్ముతున్నారు. రెండవది స్వేల్‌డేల్ లోయలో మ్యూకర్ ఊరికి అవతల, గడ్డి పొలం నడిమధ్యన ఒంటరిగా నిలబడి ఉంది. దాని దగ్గరికి బండిదారి కూడా లేదు, కాలిబాటే ఉంది.

రెండింటి గోడలూ చూడగానే నచ్చాయి గాని, లోపలికి వెళ్తే పట్టపగలే చీకటి. కిటికీలన్నవి లేవు, గోడల్లో అక్కడక్కడ జానెడు వెడల్పైనా లేని నిలువు చీలికలు ఉన్నాయంతే. మొదటిదానికి ముందువైపు గడ్డిబండి పట్టేంత కమాను ద్వారం, దానికి సరిగ్గా ఎదురుగా వెనకగోడలో ఒక చిన్న తలుపు ఉన్నాయి. అనంతపురంలో సేద్యం చేసిన మా నాన్నగారు ఫొటోలు చూసి, ఇంత చలిదేశంలో ఈదురుగాలి దూసుకుపోయేలా ఎదురెదురు తలుపులు ఎందుకు పెట్టారని అడిగారు. నేను జవాబు చెప్పలేకపోయాను.

గోడల్లో ఇంటికి తగినట్టుగా కొత్త కిటికీలు తెరవవచ్చునా, తెరుస్తామంటే కౌన్సిల్ వారు ఒప్పుకుంటారా? మాకు తెలిసిన ఒక బిల్డర్, రాళ్ల సందులన్నీ సిమెంటుతో పూసి, లోపల ప్లాస్టర్‌బోర్డు కొట్టి, నేలను రెండడుగులు తవ్వి కాంక్రీటు పోస్తే చెమ్మ బాధ ఉండదంటున్నారు. అది సరైన పద్ధతేనా? మాకు నాలుగు పడకగదులు కావాలి. రెండు బార్న్‌లలో ఏది మేలో, లేక రెండూ వదిలేయడమే మేలో, అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

పాతకట్టడాలు (జవాబు):

మీ నాన్నగారి ప్రశ్నతోనే మొదలుపెడతాను. దానికి జవాబు తెలిస్తే కిటికీల సంగతి సగం తేలిపోతుంది.

మన వైపు కల్లం ఆరుబయటే చేస్తారు, గాలివాటు చూసుకొని చేటలతో తూర్పారబడతారు. పెన్నైన్ కొండల్లో కోతల నాటికి కూడా వానను నమ్మడానికి లేదు కనుక, కోసిన ఓట్స్ కట్టలను తడవకుండా బార్న్ లోపల పేర్చి, చలికాలమంతా కొంచెం కొంచెంగా కర్రలతో కొట్టి నూర్చేవారు. ఆ నూర్పిడి నేల సరిగ్గా మీరు చూసిన రెండు తలుపుల నడుమ ఉండేది. తలుపులు రెండూ బార్లా తెరిస్తే గాలి అటు నుండి ఇటు దూసుకుపోతూ పొట్టును ఎగరగొట్టేది, గింజ నేల మీద పడేది. అంటే అది ఇంటి కప్పు కింద చేసిన కల్లమే. ఆ ఎదురెదురు తలుపులు తూర్పారబట్టడానికి కావలసిన గాలి కోసమే. స్కాట్లండ్‌లో ఆండ్రూ మీకిల్ 1786 ప్రాంతంలో నూర్పిడి యంత్రాన్ని తయారుచేసిన తరువాత, పందొమ్మిదవ శతాబ్దంలో యంత్రాలు వ్యాపించిన కొద్దీ ఆ నేలకు పని లేకుండా పోయింది. గడ్డి, పశువులు మాత్రం మిగిలాయి.

మీరు చీలికలంటున్నవి గాలి రంధ్రాలు. పేర్చిన గడ్డికి గాలి తగలకపోతే అది వేడెక్కి ముక్కిపోతుంది, ఒక్కొక్కసారి తనంతట తానే అంటుకుంటుంది కూడా. వాన లోపలికి కొట్టకుండా బయటివైపు సన్నగా, గాలి వెలుతురు పరుచుకునేలా లోపలివైపు వెడల్పుగా వాటిని చెక్కారు. అటక ఎత్తులో ఒక చదరపు కంత ఉంటే, అది బండి మీది గడ్డిని పంగలకర్రతో లోపలికి విసరడానికి పెట్టినది. పక్కగోడ కొసన కొప్పు కింద చిన్న కంత ఉంటే, ఎలుకలను పట్టే గుడ్లగూబ వచ్చిపోవడానికి వదిలినది. ఈ గోడల్లో అందం కోసం తెరిచినది ఒక్కటీ లేదు. అలా లేకపోవడమే ఆ కట్టడానికి అందమని నా అభిప్రాయం.

మీ మొదటి కట్టడాన్ని ఇక్కడివారు లెయిత్ హౌస్ అంటారు. పదిహేడవ శతాబ్దం నడిమి నుండి పందొమ్మిదవ శతాబ్దం దాకా హాలిఫాక్స్, హడర్స్‌ఫీల్డ్ చుట్టుపక్కల కొండల్లో ఇవి కట్టారు. కొద్దిపాటి పొలం, రెండు మూడు ఆవులు, ఇంట్లో మగ్గం: ఈ మూడింటి మీదా బతికిన కుటుంబాలవి. అందుకే ఇంటివైపు పై అంతస్తులో, మగ్గం మీద వెలుతురు పడేలా, రాతి నిలువుకమ్మీల మధ్య వరుసగా అయిదారు కిటికీలు ఉంటాయి. పక్కనే బార్న్ వైపు గోడ దాదాపు ఏ తెరపీ లేకుండా సాగుతుంది. ఒకే కప్పు కింద మనుషులు పనిచేసిన చోటు, గడ్డి నిలవచేసిన చోటు ఏవో దూరం నుండే చదవగలిగేది ఈ తేడా వల్లనే. ఈ ప్రాంతంలో నేను చూసిన చెడ్డ మార్పిడులన్నింటిలో జరిగిన పని ఒక్కటే: ఇంటివైపు ఉన్న కిటికీలనే అనుకరిస్తూ బార్న్ గోడనిండా కొత్త కిటికీలు కొట్టారు. ఆ తరువాత అది బార్న్‌గానూ మిగలలేదు, పాత ఇంటికి సాటి రాగల ఇల్లూ కాలేదు.

కాబట్టి కొత్త రంధ్రం కొట్టే ముందు ఉన్నవాటిని పూర్తిగా వాడుకోండి. కమాను ద్వారాన్ని నిలువెత్తు అద్దంగా మార్చి, ఆ అద్దాన్ని గోడ ముఖానికి సమానంగా కాకుండా ఒక అడుగు లోపలికి జరిపి పెట్టిస్తే, బయటి నుండి ద్వారపు నీడ అలాగే ఉంటుంది, లోపల మీరు అనుకున్నదానికన్నా ఎక్కువ వెలుతురు పడుతుంది. పాత చెక్క తలుపులు ఉంటే తీసేయకుండా అద్దం బయట రెక్కలుగా ఉంచండి. రాత్రి చలికి కూడా పనికివస్తాయి. గాలి రంధ్రాలకు లోపలివైపు నుండి చెక్కచట్రం లేకుండా నేరుగా అద్దం బిగించవచ్చు. అప్పటికీ చాలకపోతే వెనకవైపు కప్పులో, రాతి పలకలతో సమానంగా కూర్చునే చిన్న కిటికీలు రెండో మూడో పెట్టవచ్చు. కప్పు మీదికి పొడుచుకువచ్చే గూడు కిటికీలు, ఇటుక పొగగొట్టం మాత్రం వద్దు; పొయ్యి కావాలంటే నల్లరంగు వేసిన సన్నని లోహపు గొట్టం చాలు.

గానుగసున్నం (జవాబు):

కిటికీల గురించి పై మిత్రులు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. గోడల సంగతి నేను చెబుతాను, ఎందుకంటే మీ బిల్డర్ చెప్పిన మూడు పనుల్లో మూడూ కట్టడానికి హాని చేసేవే.

ఆ గోడ ఒకే రాతిగోడ కాదు. సుమారు అర మీటరు నుండి 60 సెంటీమీటర్ల మందంలో, బయట ఒక పొర, లోపల ఒక పొర కట్టి, నడుమ రాతిముక్కలు, మట్టి, సున్నం కలిపి నింపినది. రెండు పొరలూ విడిపోకుండా కొన్నిచోట్ల గోడ ఇటు నుండి అటు దాకా పట్టే పొడవాటి రాళ్లు వేస్తారు. స్వేల్‌డేల్ బార్న్‌లలో ఇవి గోడ బయటకు వరుసలుగా పొడుచుకువచ్చి స్పష్టంగా కనిపిస్తాయి. ఈ ప్రాంతంలో కొన్ని కట్టడాలలో రాళ్లను కొంచెం బయటికి వాల్చి పేర్చారు, సందులోకి వచ్చిన వాననీరు వెలుపలికే జారిపోవాలని. ఇంత జాగ్రత్త తీసుకున్నవాళ్లు గోడలోకి నీరు అసలు రాకూడదని అనుకోలేదు. వచ్చిన నీరు తిరిగి పోవాలని అనుకున్నారు. సున్నపు గచ్చు ఆ పనే చేస్తుంది. అది రాయికన్నా మెత్తనిది, చెమ్మను తన గుండా బయటికి ఆరనిస్తుంది, అరిగితే తానే అరుగుతుంది.

సిమెంటు అలా కాదు. ఎండకూ చలికీ గోడ కాస్త కదిలినప్పుడు సిమెంటు పూతకు వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి. వాటిగుండా వాన లోపలికి దిగుతుంది గాని తిరిగి ఆరడానికి దారి ఉండదు. ఆ నీరు రాయిగుండానే బయటికి రావలసివస్తుంది, మంచుకు గడ్డకడుతుంది, రాయి ముఖం పొరలుపొరలుగా ఊడుతుంది. పోర్ట్‌లాండ్ సిమెంటుకు 1824లో పేటెంటు తీసుకున్న జోసెఫ్ ఆస్ప్‌డిన్ మీ లీడ్స్ మేస్త్రీయే. మీరు చూస్తున్న బార్న్ అంతకుముందుదైతే దానికి ఆ పదార్థంతో అసలు పరిచయమే లేదు. హైదరాబాద్‌లో 2013లో మొదలైన కుతుబ్ షాహీ సమాధుల పునరుద్ధరణలో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు వారు చేసిన ముఖ్యమైన పనుల్లో ఒకటి, ఇరవయ్యవ శతాబ్దపు మరమ్మతుల్లో పూసిన సిమెంటును ఒలిచివేసి మళ్లీ సున్నం వేయడమే. వాతావరణం వేరైనా గోడ స్వభావం ఒక్కటే.

పెన్నైన్ గాలివానకు ఆగాలంటే నీటిలో కూడా గట్టిపడే రకం సున్నం వాడతారు, దానిలో బాగా కడిగిన గరుకు ఇసుక కలుపుతారు. ఉష్ణోగ్రత అయిదు డిగ్రీలకన్నా తగ్గితే సున్నం పని చేయకూడదు. కాబట్టి ఈ ఎత్తులో ఏప్రిల్ నుండి సెప్టెంబరు దాకానే పని కాలం అనుకొని, డబ్బూ రోజులూ దాని ప్రకారం లెక్క వేసుకోండి. పూసిన సున్నాన్ని రాళ్ల అంచుల మీదికి ఎక్కించి పట్టీల మాదిరిగా తీర్చవద్దు, సందులోకి కొద్దిగా లోతుగా ఉంచి కుంచెతో కొట్టి వదిలేయాలి. గోడను శుభ్రం చేస్తానని ఇసుక ఊదే యంత్రం తెచ్చే మనిషిని గేటు దగ్గరే ఆపండి.

ప్లాస్టర్‌బోర్డు వెనక ప్లాస్టిక్ పొర, రేకు పూసిన ఫోము పెడితే ఇంట్లో మనం పుట్టించే ఆవిరి గోడ చల్లని ముఖం మీద నీరుగా మారి, కనపడని చోట దూలపు కొసలను కుళ్లబెడుతుంది. మన వంటింట్లో రోజూ ఎంత ఆవిరి లేస్తుందో మీకు తెలుసు. దాని బదులు చెక్కనార పలకలు గానీ, సున్నంలో హెంప్ (నార కోసం పెంచే గంజాయి జాతి) మొక్క బెండును కలిపి చేసే మందపు పూత గానీ వేయించి, పైన సున్నపు ప్లాస్టరు పూయించండి. లోపల రాయి కనపడాలన్న మోజు చాలామందికి ఉంటుంది గాని, నాలుగు గోడలూ అలా వదిలితే ఇల్లు వెచ్చబడదు. ఇంగ్లండ్ భవన నియమాలు, ఆవిరిని ఆరనిచ్చే పాత గోడలకు ఉష్ణరక్షణ ప్రమాణాల్లో ప్రత్యేక పరిశీలన ఇస్తాయి. బిల్డర్ నియమం నియమం అని బెదిరిస్తే ఈ మాట గుర్తుచేయండి.

అన్నింటికన్నా ప్రమాదకరమైనది నేల తవ్వడం. ఈ బార్న్‌లకు మనం అనుకునే పునాదులు ఉండవు; పైమట్టి తీసి పెద్ద రాళ్లు పరిచి దాని మీదే గోడ లేపారు. లోపల రెండడుగులు తవ్వితే గోడ అడుగు బయటపడుతుంది, ఆ తరువాత జరిగేదానికి ఏ బిల్డరూ బాధ్యత తీసుకోడు. ప్లాస్టిక్ పొర వేసి కాంక్రీటు పోస్తే నేలలోని చెమ్మ పక్కలకు జరిగి గోడల్లోకి ఎక్కుతుంది. నురుగు గాజు ముక్కల పొర మీద సున్నపు కాంక్రీటు వేసి, నేల కింది వేడినీటి గొట్టాలను అందులోనే అమర్చి, పైన రాతి పలకలు పరిచే పద్ధతి ఇప్పుడు బాగా అలవాటులో ఉంది. ఎంత లోతు తీయవచ్చో మాత్రం, గోడ అడుగు దగ్గర చిన్న గోతులు తీయించి చూసిన స్ట్రక్చరల్ ఇంజనీరు చెప్పాలి.

కొండదారి (జవాబు):

ఇద్దరూ ఎలా మార్చాలో చెప్పారు. స్వేల్‌డేల్ బార్న్ విషయంలో మార్చాలా వద్దా అన్నది ముందు తేల్చుకోవాలి. వద్దని నా మాట.

ఆ లోయలో పొలానికొకటిగా ఈ బార్న్‌లు ఎందుకు ఉన్నాయో చూడండి. ఎండాకాలంలో కోసిన గడ్డిని ఊరిదాకా మోయకుండా అదే పొలంలోని బార్న్ అటకలో నింపేవారు. చలికాలం వచ్చాక నాలుగైదు పశువులను కింది కొట్టంలో కట్టి, అటక నుండి గడ్డి గాట్లోకి దించి మేపేవారు. రైతు రోజూ నడిచి వచ్చి చూసుకునేవాడు. వసంతంలో పోగైన పేడను ఆ పొలానికే ఎరువుగా వేసేవాడు. గడ్డి, పశువు, ఎరువు ఆ గోడల చుట్టూనే తిరిగేవి. అక్కడి పూల గడ్డిమైదానాలు, రాతి కంచెలు, బార్న్‌లు కలిసి ఒకే ఏర్పాటు కాబట్టే 1989లో స్వేల్‌డేల్, ఆర్కెన్‌గార్త్‌డేల్ లోయలను బార్న్‌ల, గోడల పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. బార్న్‌ను ఎంత జాగ్రత్తగా మార్చినా, దానితోపాటు కారు నడిచే దారి, కరెంటు తీగ, మురుగు తొట్టి, గ్యాసు సిలిండరు, బట్టలారేసే తీగ, రాత్రంతా వెలిగే కమాను అద్దం వస్తాయి. వాటిలో ఏ ఒక్కటినీ వాస్తుశిల్పి దాచలేడు.

నిబంధన కూడా మీకు అనుకూలంగా లేదు. ఇంగ్లండ్‌లో పొలం కట్టడాలను పూర్తి ప్లానింగ్ అనుమతి లేకుండా ఇళ్లుగా మార్చుకోనిచ్చే క్లాస్ క్యూ హక్కు 2014లో వచ్చింది. 2024 మే నెలలో దానిని విస్తరించి, ఒక్కో ఇల్లు 150 చదరపు మీటర్లు మించకుండా, మొత్తం 1,000 చదరపు మీటర్లలో పది ఇళ్ల దాకా అనుమతించారు. అయితే నేషనల్ పార్కులకు, నిడర్‌డేల్ వంటి నేషనల్ లాండ్‌స్కేప్‌లకు (ప్రకృతి అందం కోసం రక్షించే ప్రాంతాలు), పరిరక్షణ ప్రాంతాలకు, జాబితాలో చేరిన చారిత్రక కట్టడాలకు అది వర్తించదు. పార్కుల్లోనూ ఇవ్వాలా అని 2023లో ప్రభుత్వం అభిప్రాయాలు కోరింది గాని చివరికి ఇవ్వలేదు. స్వేల్‌డేల్ ఉన్నది యార్క్‌షైర్ డేల్స్ నేషనల్ పార్కులోనే; ఆ పార్కు వారు 2016 డిసెంబరులో ఆమోదించిన స్థానిక ప్రణాళిక ప్రకారం ఊళ్లలో, కట్టడాల గుంపుల్లో, రోడ్డు పక్కన ఉన్న పాత బార్న్‌ల మార్పిడికే అవకాశం. అదీ స్థానికులు ఉండటానికో, సెలవుల బసకో అని ఒప్పందం రాయించుకున్నాకే. పొలం నడుమ కాలిబాట మాత్రమే ఉన్న బార్న్‌కు, లీడ్స్‌లో ఉద్యోగం చేసే కుటుంబానికి, ఆ తలుపు రెండు వైపులా మూసి ఉన్నట్టే.

పాతకట్టడాలు (జవాబు):

కొండదారి గారి నిర్ణయం స్వేల్‌డేల్ వరకు సరైనదే. కానీ ఆ వాదనను మొత్తం బార్న్‌లకు చాచితే నాకు అభ్యంతరం ఉంది. పని లేని బార్న్ అలాగే నిలబడి ఉండదు. కప్పు మీద రాతి పలక ఒకటి జారితే కింది వాసం నానుతుంది, వాసం కుంగితే చూరు దగ్గర గోడ తెరుచుకుంటుంది; తరువాత పలకలను వేరే కప్పుల కోసం ఎవరో పట్టుకుపోతారు. ఆ పలకలు చూరు దగ్గర పెద్దవిగా మొదలై కొప్పుకు పోయేకొద్దీ చిన్నవవుతూ పేర్చినవి. ఒకసారి చెదిరాక అదే కొలతల్లో మళ్లీ దొరకడం చాలా ఖర్చుతో కూడిన పని. 1987లో పెన్నైన్ డేల్స్‌ను పర్యావరణపరంగా సున్నితమైన ప్రాంతాల తొలి విడతలో చేర్చిన తరువాత వచ్చిన సహాయధనంతో చాలా బార్న్‌లు, గోడలు మరమ్మతయ్యాయి. తరువాత యార్క్‌షైర్ డేల్స్‌తో కలిపి అయిదు నేషనల్ పార్కులలో, చారిత్రక పొలం కట్టడాలను వాడుక మార్చకుండానే బాగుచేసే గ్రాంటును ప్రయోగాత్మకంగా ఇచ్చారు. పొలం బార్న్‌లకు అదే సరైన దారి. అయితే ఆ డబ్బు అన్నింటికీ చాలదు కనుక, రోడ్డు పక్కన, ఊరి అంచున ఉన్నవి ఇళ్లు కావడంలో తప్పు లేదు. మీ హెబ్డెన్ బ్రిడ్జ్ బార్న్ మొదటి నుంచీ ఒక ఇంటికి అంటుకొని ఉన్నదే. మనుషుల వాసన దానికి కొత్త కాదు.

ఎయిర్‌తీరం (తిరిగి):

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. స్వేల్‌డేల్ ఆలోచన విరమించుకున్నాము. హెబ్డెన్ బ్రిడ్జ్ బార్న్‌ను మళ్లీ వెళ్లి చూశాము. లోపల మూడు వంతుల్లో రెండు వంతులు కప్పు దాకా తెరిచి ఉన్నాయి. మిగిలిన వంతులో కింద పశువుల కొట్టం, దాని మీద అటక ఉన్నాయి. రాతిపలకల అడ్డుగోడలు, గాడి ఇంకా చెక్కుచెదరలేదు. ఇబ్బంది ఏమిటంటే, కప్పును మోసే ట్రస్సుల అడ్డదూలాలు, మేము పై అంతస్తు వేయాలనుకుంటున్న ఎత్తుకు సరిగ్గా నడుము మట్టంలో అడ్డుపడుతున్నాయి. వాటిని కోసి మధ్యలో దారి చేయవచ్చని బిల్డర్ అంటున్నారు. అదీ గాక, కప్పు దాకా తెరిచి ఉంచితే వేడి అంతా పైకి పోయి బిల్లు మోయలేమని ఇంట్లో భయపడుతున్నారు.

గానుగసున్నం (జవాబు):

అడ్డదూలాన్ని కోయనివ్వకండి. రాతి పలకల కప్పు చాలా బరువు. ఆ బరువు వాసాల గుండా దిగి గోడల తలలను బయటికి తోస్తుంటుంది. రెండు గోడలనూ పట్టి ఉంచేది ఆ దూలమే. దానిని కోసి ఇనుప కడ్డీలతో సర్దిన ఇళ్లు ఉన్నాయి, సరిగా లెక్కవేస్తే నిలబడతాయి కూడా. కానీ అంత ఖర్చు పెట్టి కట్టడంలోని మేలైన భాగాన్ని పోగొట్టుకోవడంలో నాకు అర్థం కనిపించదు.

ఎక్కడ రెండంతస్తులు ఉండాలో ఆ బార్న్ ఇదివరకే నిర్ణయించి పెట్టింది. పశువుల కొట్టం, అటక ఉన్న వంతులోనే కింద రెండు, పైన రెండుగా చిన్నచిన్న పడకగదులు, స్నానాల గది పెట్టుకోండి. కింది గదుల ఎత్తు తక్కువ, పైవాటి వెలుతురు కప్పు కిటికీల నుంచే రావాలి. ఆ మేరకు సర్దుకోవాలి. ఆ వంతు వైశాల్యం నాలుగింటికి చాలకపోతే మూడుతో ఆగండి. రాతిపలకల అడ్డుగోడల్లో కనీసం ఒకదానిని గాడితో సహా ఉన్నచోటే ఉంచితే పెద్దవాళ్ల గదికి మంచి అల్మరా అవుతుంది. నూర్పిడి నేల, గడ్డి పేర్చిన భాగం కప్పు దాకా తెరిచే ఉండనివ్వండి. వంట, భోజనం, కూర్చునే చోటు అక్కడ. వేడి పైకి పోతుందన్న భయం గోడల మీది హీటర్లతో నిజమే; నేలనే నెమ్మదిగా వెచ్చబెట్టే పద్ధతిలో, కప్పుకు వాసాల పైన మంచి ఇన్సులేషన్ ఉంటే, మనుషులు మసిలే ఎత్తులోనే వెచ్చదనం ఎక్కువగా నిలుస్తుంది. తెరిచిన భాగంలో ఎక్కడైనా చిన్న అరుగులాంటి అటక కావాలనిపిస్తే దానిని గోడలకు తగలకుండా, సొంత కాళ్ల మీద నిలబెట్టించండి; రేపు ఎవరైనా తీసేస్తే కట్టడానికి మచ్చ ఉండదు.

గబ్బిలాల సర్వే ముందే చేయించండి. బ్రిటన్‌లో అన్ని జాతుల గబ్బిలాలకూ చట్టరక్షణ ఉంది. అవి ఉంటే ప్రభుత్వ ప్రకృతి పరిరక్షణ సంస్థ నేచురల్ ఇంగ్లండ్ లైసెన్సు లేకుండా కప్పు ముట్టుకోవడం నేరం. అవి బయటికి వచ్చే వేళ చూసే సర్వేలు మే నుండి సెప్టెంబరు దాకానే జరుగుతాయి కనుక, అక్టోబరులో గుర్తుకొస్తే ఏడాది పోయినట్టే. బార్న్ గుడ్లగూబ గూడు ఉన్నా అంతే జాగ్రత్త అవసరం.

కొండదారి (జవాబు):

హెబ్డెన్ బ్రిడ్జ్ బార్న్‌కు నేను అడ్డుచెప్పను. కానీ ధర మాట్లాడే ముందు చూడవలసిన కాగితాలు కొన్ని ఉన్నాయి. పక్కనున్న రైతు ఇల్లు ఇంగ్లండ్ చారిత్రక కట్టడాల జాబితాలో ఉందేమో చూడండి; ఉంటే దానికి అంటుకొని ఉన్న బార్న్‌ను కూడా సాధారణంగా దానిలో భాగంగానే లెక్కిస్తారు. అప్పుడు క్లాస్ క్యూ లేదు, లోపలి మార్పులకు కూడా వేరుగా సమ్మతి తీసుకోవాలి. జాబితాలో లేకపోయినా, క్లాస్ క్యూ కింద చేసేది మార్పిడి అయి ఉండాలి గాని తిరిగి కట్టడం కాకూడదని 2016లో హిబ్బిట్ కేసులో హైకోర్టు స్పష్టం చేసింది. ఆ కేసులోది ఇనుపచట్రపు షెడ్డు. రాతిగోడలు బలంగా ఉన్న మీ బార్న్‌కు ఆ చిక్కు తక్కువే గాని, ఒక గోడ పడగొట్టి కట్టాలని ఇంజనీరు రాస్తే అదే ప్రశ్న మళ్లీ వస్తుంది.

నడిమి గోడ రెండు ఇళ్లదీ అవుతుంది కనుక 1996 పార్టీ వాల్ చట్టం ప్రకారం పక్కవారికి నోటీసు ఇవ్వాలి. మంటలకూ చప్పుడుకూ ఆ గోడ ఆగేలా చేయడం ఖర్చులో కలుపుకోండి. మురుగు కోసం సెప్టిక్ ట్యాంకు ఇప్పటికే ఉందని అమ్మేవారు చెబితే అది ఎక్కడికి వదులుతోందో చూడండి. 2020 జనవరి 1 నుండి వాగులోకి నేరుగా వదలడానికి వీల్లేదు. నివాసం కాని కట్టడాన్ని ఇల్లుగా మార్చే కాంట్రాక్టరు పనికి వ్యాట్ 20 శాతం కాక 5 శాతమే పడుతుంది. సామాను మీరే కొంటే, దాని మీద కట్టినది పని పూర్తయిన ఆరు నెలల లోపు తిరిగి అడగవచ్చు, బిల్లులన్నీ మీ పేరు మీదే ఉండాలి. ఇక దారి హక్కు: ఇప్పుడు ఆ వాకిలి గుండా వెళ్తున్నది ట్రాక్టరా, నివాసానికి వచ్చే కారా అన్నది దస్తావేజులో ఎలా రాసి ఉందో సొలిసిటర్ చేత చదివించండి. వ్యవసాయానికి మాత్రమే అని ఉంటే, మిగతావన్నీ కుదిరినా పక్కింటివారి సంతకం లేకుండా ఆ బార్న్ కొనకండి.